పాకిస్తాన్‌తో ఆడాలా, వద్దా? 1999 గుర్తున్నవాళ్లు చెప్పండి

గల్లీ పాయింట్:
2025 ఆసియా కప్‌లో మనవాళ్లు పాకిస్తాన్ వాళ్లకి షేక్‌హ్యాండ్‌కి చెయ్యి ఇవ్వకపోవడం మీద మా ఆఫీసులో మళ్లీ గొడవైంది. నాకైతే 1999 జనవరి 31 గుర్తొచ్చింది. ఆదివారం, నాకు పదేళ్లు, పక్కింటి టీవీ ముందు గడప దాకా జనం. అసలు ఆ టెస్ట్ ఢిల్లీలో జరగాల్సింది, ఆ నెల మొదట్లో శివసేన వాళ్లు అక్కడి కోట్లా స్టేడియం పిచ్ తవ్వేస్తే చెన్నైకి మార్చారు. 271 కొట్టాలి, 82కే ఐదుగురు అవుట్. సచిన్ నడుం నొప్పితోనే 136 కొట్టి, ఇంకో 17 కావాలనగా వెళ్లిపోయాడు. మిగతా ముగ్గురూ నాలుగు పరుగులకే సరి! 12 పరుగులతో ఓడిపోయాం.

అప్పుడు చెన్నై జనం లేచి నిలబడి పాకిస్తాన్ వాళ్లకి చప్పట్లు కొట్టారు. ఇక్కడ మా నాన్న కూడా కొట్టారు. మా బాబాయి "సిగ్గుండాలి" అని విసురుగా లేచిపోయాడు, వారం పాటు ఇద్దరికీ మాటల్లేవు. నేను మాత్రం చేతులు ఒళ్లో పెట్టుకుని ఇద్దరి మొహాలూ చూస్తూ కూర్చున్నా.

నా మాట ఒక్కటే. ఆడితే మనస్ఫూర్తిగా ఆడాలి, లేదంటే పూర్తిగా మానెయ్యాలి. ఆడేసి, గెలిచి, చెయ్యి ఇవ్వం అనడమేంటి?

వంశధార:
అన్నా, చెన్నై దగ్గరే ఆపేశావేం? అదే ఫిబ్రవరిలో కోల్‌కతాలో సచిన్ షోయబ్ అక్తర్‌ని గుద్దుకుని రనౌట్ అయితే స్టేడియం అట్టుడికిపోయింది, చివరి రోజు పోలీసులు జనాన్ని బయటికి పంపి, ఖాళీ కుర్చీల ముందు మ్యాచ్ ముగించారు. ఆ రోజే, ఫిబ్రవరి 20న, వాజ్‌పేయి బస్సెక్కి లాహోర్ వెళ్లారు. మే వచ్చేసరికి కార్గిల్.

జూన్ 8న మాంచెస్టర్‌లో పాకిస్తాన్‌తోనే ప్రపంచ కప్ మ్యాచ్, మన బౌలర్ ప్రసాద్ ఐదు వికెట్లు తీశాడు, ఊరంతా టపాసులు. మా ఇంట్లో టీవీ పెట్టలేదు. మామయ్య ఆర్మీలో ఉన్నాడు, ఆయన దగ్గర్నుంచి ఉత్తరం వచ్చి నెల దాటింది. మీ నాన్నగారిని తప్పుపట్టను గానీ, చప్పట్లు కొట్టడానికి ఆ మాత్రం దూరం ఉండాలి.

బేస్‌లైన్:
ఆటలో రాజకీయాలు వద్దు అనేవాళ్లకి ఒక్క ప్రశ్న. 1974లో మనం టెన్నిస్‌లో డేవిస్ కప్ ఫైనల్‌కి వెళ్లాం, అమృత్‌రాజ్ అన్నదమ్ములున్న జట్టు. ఎదురు దక్షిణాఫ్రికా. వర్ణవివక్ష ఉన్న దేశంతో ఆడం అని మన ప్రభుత్వం తేల్చి చెప్పింది, కప్పు వాళ్లకి ఊరికే పోయింది. ఇప్పటిదాకా మనకి ఆ కప్పు రాలేదు. అది తప్పంటారా? నేననను. అప్పుడు నష్టపోయి మరీ మానేశాం. ఇప్పుడో, విడిగా సిరీస్ ఆడం, పెద్ద టోర్నీల్లో మాత్రం ఇద్దరినీ ఒకే గ్రూపులో వేస్తారు, యాడ్ల డబ్బు పోకూడదుగా! ఈ విషయంలో గల్లీ పాయింట్ గారి మాటే నాదీ.

వంశధార:
దక్షిణాఫ్రికాతో పోలిక కుదరదండీ. అక్కడ వాళ్ల సొంత జనాన్నే జట్టులోకి రానివ్వలేదు, కాబట్టి తప్పు ఆటలోనే ఉంది. ఇక్కడ గొడవ సరిహద్దులో.

గల్లీ పాయింట్:
అదీ నిజమే. కానీ తమ్ముడూ, సరిహద్దు గొడవైతే ఆటగాడు చెయ్యి ఇవ్వకపోతే తీరుతుందా? సరే, అది వదిలెయ్. మీ మామయ్య ఉత్తరం వచ్చిందా?

వంశధార:
జులైలో వచ్చింది అన్నా. మ్యాచ్ ఊసే లేదు, వానలకి ఇల్లు కారుతోందా అని అడిగాడు. రిటైరయ్యి ఇప్పుడు ఊళ్లోనే ఉన్నాడు. ఇండియా-పాకిస్తాన్ మ్యాచ్ ఒక్కటి కూడా వదలడు. నేనే లేచి బయటికి వెళ్లిపోతా.