ప్రాగ్‌లో నాలుగు రోజులు: పాత కట్టడాలనూ రాత్రి సందడినీ ఒకే ప్రయాణంలో ఎలా చూడాలి?

ప్రశ్న

మే నెల మధ్యలో మేము ఐదుగురు మిత్రులం నాలుగు రోజులు ప్రాగ్ నగరంలో గడపబోతున్నాం. మాలో ఇద్దరికి కోటలన్నా, చర్చిలన్నా, వాటి చరిత్రన్నా ప్రాణం. మిగిలిన ముగ్గురం అక్కడి బీరు గురించీ, రాత్రిపూట సంగీతం గురించీ విని ముచ్చటపడి బయలుదేరుతున్నవాళ్లం. రాత్రి ఆలస్యంగా పడుకుంటే మర్నాడు కోట చూడటం కుదరదని ఒక వర్గమూ, పొద్దుగూకేసరికి అలసిపోయి గదికి చేరితే అంత దూరం వెళ్లి ఏం లాభమని ఇంకో వర్గమూ పట్టుబడుతున్నాయి. ఈ రెండింటినీ ఎలా ఇమడ్చుకోవాలో, బస ఏ పేటలో చూసుకుంటే మంచిదో, డబ్బు మార్చుకునేటప్పుడు ఏ జాగ్రత్తలు అవసరమో అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరా?

సమాధానం 1

ఆ నగరానికి నేను మూడుసార్లు వెళ్లాను. మీ మిత్రుల తగవుకు పరిష్కారం ఆ ఊరిలోనే ఉందని నా నమ్మకం, ఎలాగంటే అక్కడి గొప్ప కట్టడాల్లో చాలావరకు జనం పల్చబడ్డాకే కంటికి నిండుగా కనిపిస్తాయి.

చార్లెస్ వంతెననే తీసుకోండి. నాలుగో చార్లెస్ చక్రవర్తి 1357లో పునాది వేయించిన ఆ రాతి వంతెన 516 మీటర్ల పొడవుంటుంది. మొదటిసారి నేను మధ్యాహ్నం వెళ్లి, జనంతో భుజాలు ఒరుసుకుంటూ ఈ చివర నుంచి ఆ చివరకు నడిచి, ఏమీ చూడకుండానే తిరిగి వచ్చాను. రెండోసారి, మే నెలలోనే, తెల్లవారుజామున నాలుగున్నరకు వెళ్లాను. గ్యాస్ దీపాలు ఇంకా వెలుగుతున్నాయి, రెండు వైపులా ఉన్న 30 విగ్రహాలు నీడల్లా నిలబడి ఉన్నాయి, కింద వ్లతావా నది చప్పుడు తప్ప మరో శబ్దం లేదు. 1393లో ఆ నదిలోకి తోసి చంపిన మతగురువు నెపోముక్ జాన్ విగ్రహం దగ్గర చాలాసేపు ఆగాను. పీఠానికి బిగించిన కంచు పలకలో తరతరాలుగా జనం చేతులు తగిలిన చోటు మాత్రమే బంగారంలా మెరుస్తోంది, చుట్టూ ఉన్నదంతా నల్లబడిపోయింది. సంగీతం విని ఆలస్యంగా బయటికి వచ్చేవారు ఒక్క రాత్రి నిద్ర మానుకుంటే చాలు, ఆ వంతెన మీ ఐదుగురిదే అవుతుంది.

కోటకు 22వ నంబరు ట్రామ్‌లో పైకి వెళ్లి, చూసుకుంటూ కిందికి నడిచి రండి. గుట్ట ఎక్కే శ్రమ తప్పుతుంది. ప్రాంగణాల్లోకి ఉదయం 6 నుంచి రాత్రి 10 వరకు టికెట్ లేకుండానే వెళ్లవచ్చు. లోపలి భవనాలకు మాత్రం టికెట్ కావాలి, వాటిని సాయంత్రానికే మూసేస్తారు. కోటలోనే ఉన్న, 1344లో మొదలై 1929లో గానీ పూర్తికాని సెయింట్ వైటస్ కెథడ్రల్‌ను, ఆలస్యంగా నిద్ర లేచినవారు కూడా మధ్యాహ్నం రెండు గంటలకు వెళ్లి హాయిగా చూసుకోవచ్చు.

ఓల్డ్ టౌన్ (పాత పట్టణం) కూడలిలోని 1410 నాటి ఖగోళ గడియారంలో గంట గంటకూ కదిలే బొమ్మలను చూడటానికి పగలు ఎగబడవలసిన పని లేదు, రాత్రి 11 వరకు అవి కదులుతూనే ఉంటాయి. అప్పుడు పక్కనే నేల మీదికి కూడా ఒకసారి చూపు తిప్పండి. చక్రవర్తి మీద తిరగబడి 1621 జూన్ 21న అక్కడ తలలు పోగొట్టుకున్నవారిని, ఉరికొయ్య ఎక్కినవారిని తలచుకుంటూ పరిచిన 27 తెల్లని శిలువలు కనిపిస్తాయి.

ఒక్క చోటు మాత్రం ఈ హడావుడిలో కలపవద్దని బతిమాలుకుంటున్నాను. యూదుల పేటలోని పింకాస్ ప్రార్థనాలయం గోడల మీద, నాజీల చేతుల్లో ప్రాణాలు కోల్పోయిన దాదాపు 80,000 మంది పేర్లు చేత్తో రాసి ఉంటాయి. కుటుంబం వెంట కుటుంబం, పేరు వెంట పేరు, గోడంతా అవే అక్షరాలు. శనివారం అక్కడ సెలవు. వేరే రోజున ఉదయమే వెళ్లండి, తరువాత రెండు గంటలు మరే పనీ పెట్టుకోకండి.

సమాధానం 2

పై సమాధానంతో ఏకీభవిస్తూనే బస విషయంలో ఒక మాట చెబుతాను. ఓల్డ్ టౌన్ నడిబొడ్డున గది తీసుకోవద్దు. రాత్రంతా వీధిలో కేకలు వినిపిస్తాయి, ఆ గొడవ భరించలేకే అక్కడి స్థానికులు చాలామంది పేట విడిచి వెళ్లిపోయారు. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు నిశ్శబ్ద వేళ, పైగా గుంపులను ఒక పబ్ నుంచి మరో పబ్‌కు నడిపించే వ్యాపారాన్ని ఆ వేళల్లో నగర పాలకులు 2024లో నిషేధించారు. అలాంటి టూర్ ఎవరైనా అమ్మజూపితే డబ్బు ఇవ్వవద్దు. జిష్కోవ్‌లోగానీ, వినోహ్రాడీలోగానీ ఉండండి. మెట్రో అర్ధరాత్రి ప్రాంతంలో ఆగిపోయినా రాత్రి ట్రామ్‌లు తెల్లవార్లూ తిరుగుతాయి, అవన్నీ లజార్‌స్కా స్టాప్ దగ్గర కలుసుకుంటాయి.

పాతకాలపు బీరు శాలలో బల్ల మీద చిన్న కాగితం పెట్టి, గ్లాసు తెచ్చిన ప్రతిసారీ దాని మీద ఒక గీత గీస్తారు. చివర్లో ఆ గీతలను లెక్కపెట్టే బిల్లు వేస్తారు కనుక దానిని పారేయకండి, దాని మీద ఏమీ రాయకండి. గ్లాసు ఖాళీ అయితే అడగకుండానే ఇంకొకటి వస్తుంది, చాలనుకుంటే గ్లాసు మీద అట్టముక్క కప్పి పెట్టాలి. పైన రెండు మూడు వేళ్ల మందాన నురగ ఉందని గొడవపడవద్దు, బీరు పాడవకుండా కాపాడేది అదే అని అక్కడివారి మాట.

డబ్బు సంగతి. అక్కడ చెల్లేది చెక్ కోరునా. వీధిలో పలకరించి నోట్లు మార్చుతామనేవారి దగ్గరికి అసలు వెళ్లవద్దు. ఓల్డ్ టౌన్‌లో ఒక కౌంటర్‌లో బోర్డు మీది రేటు నమ్మి నేను ఇచ్చిన డబ్బులో దాదాపు ఐదో వంతు పోగొట్టుకున్నాను, ఎందుకంటే పెద్ద అక్షరాల్లో ఉన్నది వారు కొనే రేటు కాదు, అమ్మే రేటు. 2019 నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం, 1,000 యూరోలకు మించని మార్పిడిని మూడు గంటలలోపు రద్దు చేసుకునే హక్కు ఉంది. నాకు ఆనాడు ఆ సంగతి తెలియదు. మీరు రసీదు తప్పక అడిగి దాచుకోండి.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. మా రెండు వర్గాలూ తెల్లవారుజామున వంతెన దగ్గర కలుసుకోవాలని ఒప్పుకున్నాయి, బస వినోహ్రాడీలో చూస్తున్నాం. సంగీతం కోసం రెండు రాత్రులు కేటాయించాం. ఎక్కడికి వెళ్తే బాగుంటుంది?

సమాధానం 1

ఒక రాత్రి ఎస్టేట్స్ థియేటర్‌కు వెళ్లండి. 1787 అక్టోబరు 29న మొజార్ట్ తానే సంగీత బృందాన్ని నడిపిస్తూ తన ‘డాన్ జొవానీ’ ఒపెరాను మొట్టమొదటగా ప్రదర్శించింది ఆ వేదిక మీదే. లోపలి బాల్కనీలు ఎంత దగ్గరగా ఉంటాయంటే పాడేవారి ఊపిరి కూడా వినిపించినట్టు అనిపిస్తుంది. రెండో రాత్రికి నారోద్నీ వీధిలోని రెదూతా జాజ్ క్లబ్బు సరిపోతుంది. 1994లో అమెరికా అధ్యక్షుడు క్లింటన్ సాక్సోఫోన్ వాయించిన చోటు అది. హాలు చిన్నది, సీట్లు ముందుగా ఖాయం చేసుకోండి. అది ముగిశాక వంతెనకు నడిచే వెళ్లవచ్చు, నది ఒడ్డున పట్టుమని పావుగంట దారి.