సేకరించిన సమాచారాన్ని నాటకంలోకి ఎలా తేవాలి?

నమస్కారం. మొదటిసారి పూర్తి నిడివి నాటకానికి దర్శకత్వం వహిస్తున్నాను. కథ 1926 సమ్మె నాటి బ్రిటన్ బొగ్గు గని కార్మికుల ఇంట్లో జరుగుతుంది. ఫొటోలు, జ్ఞాపకాలు, కూలి రేట్లు... నోట్సు కొండలా పెరిగింది, రిహార్సల్ మాత్రం కదలడం లేదు.

ఒక ఉదాహరణ చెప్తాను. గని నుంచి వచ్చిన కొడుకు పొయ్యి ముందు రేకు తొట్టిలో స్నానం చేస్తుంటే తల్లి వీపు రుద్దే సీన్ ఉంది. వీపు కడిగితే నడుం బలం పోతుందని అప్పటి కార్మికులు చాలామంది నమ్మేవారని చదివాను. ఇప్పుడు ఆ సీన్ మార్చాలా? తల్లి చెయ్యి వీపు దాకా వచ్చి ఆగిపోతే బాగుంటుందనిపిస్తోంది. కానీ ప్రేక్షకులకు అర్థమవుతుందా? దానికోసం ఒక డైలాగు ఇరికించడం నాకిష్టం లేదు.

1902లో రష్యన్ రచయిత గోర్కీ నాటకం కోసం దర్శకుడు స్తానిస్లావ్‌స్కీ బృందం మాస్కోలోని ఖిత్రోవ్ మార్కెట్‌కు వెళ్లి, అక్కడి నిరుపేదల బతుకును దగ్గర్నుంచి చూసింది. మాకు ఆ వీలు లేదు, పుస్తకాలే గతి. నేను జెరాక్సులు పంచితే నటులు మర్యాదగా తీసుకుని బ్యాగులో పెట్టేసుకుంటున్నారు!

అనుభవం ఉన్న దర్శకులు చెప్పండి: నటులకు ఏది, ఏ దశలో ఇస్తారు? మొదటి రీడింగ్‌లోనా, కదలికలు కుదిరాకా? సెట్, దుస్తులు చూసేవాళ్లకు వేరే నోట్సు ఇస్తారా? అన్నిటికంటే ముఖ్యంగా, ఏది వదిలేయాలో ఎలా తేల్చుకుంటారు?