నోరు విప్పని జీఎం: డ్రాఫ్ట్ ముందు ఈ మౌనం ఎవరి కోసం?

లాంబో_మెట్లమీద (చర్చ మొదలుపెట్టినవారు)
ఈసారి, అంటే 2025 ఏప్రిల్ డ్రాఫ్ట్ (అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ టీమ్‌లు కాలేజీ ఆటగాళ్లని వంతుల వారీగా ఎంచుకునే కార్యక్రమం) మన గ్రీన్ బేలోనే. లక్ష పైచిలుకు జనాభా ఉన్న ఊరికి ఎన్‌ఎఫ్‌ఎల్ మొత్తం దిగుతోంది. మన గ్రీన్ బే ప్యాకర్స్‌కి 23వ పిక్, అంటే ఎంపికలో 23వ వంతు. కొత్త ఆటగాళ్లని పరీక్షించే ఫిబ్రవరి కంబైన్ నుంచి ఇవాళ్టి దాకా మన జనరల్ మేనేజర్ (జీఎం) బ్రయన్ గుటెకున్స్ట్ మాట్లాడిందంతా కలిపి పిండినా ఒక్క చుక్క రాలదు. మన కార్నర్ (ప్రత్యర్థి రిసీవర్లని అడ్డుకునేవాడు) జైర్ అలెగ్జాండర్ ఉంటాడా, పోతాడా? "చూస్తున్నాం." రిసీవర్‌ని (పాస్‌లు పట్టేవాడిని) తీసుకుంటారా? "మంచి ఆటగాడు దొరికితే ఎవరైనా సరే."

2002లో జావన్ వాకర్ తర్వాత మొదటి రౌండ్‌లో మనం రిసీవర్‌ని తీసుకున్నదే లేదు. మన రిసీవర్ క్రిస్టియన్ వాట్సన్ మోకాలు జనవరిలో బేర్స్ మ్యాచ్‌లో పోయింది. మనకో నంబర్ వన్ రిసీవర్ కావాలని మన ఆటగాడు జోష్ జేకబ్స్ బాహాటంగానే అన్నాడు. ఇన్ని తెలిసీ జీఎం నోట ఒక్క ముక్క రాదు.

2021లో క్లబ్ అభిమానులకు షేర్లు అమ్మినప్పుడు 300 డాలర్లు పెట్టి ఒకటి కొన్నాను. వాటాదారుడిగానే అడుగుతున్నా: ఈ మౌనం ప్రత్యర్థుల నుంచి దాచడానికా, మన నుంచి దాచడానికా?

చీజ్_పెసరట్టు
అన్నా, ఆ షేరుకి డివిడెండ్ రాదు, దాన్ని ఎవరికీ అమ్ముకోలేవు. ఐదు లక్షల పైచిలుకు వాటాదారులకు జీఎం తన డ్రాఫ్ట్ బోర్డు (ఎవరిని ఏ వరసలో ఎంచుకోవాలో రాసుకున్న జాబితా) చదివి వినిపించాలంటే డ్రాఫ్ట్ ఎందుకిక, నేరుగా సర్వసభ్య సమావేశమే పెట్టేసుకోవచ్చు.

గుటెకున్స్ట్ వచ్చింది మన పాత జీఎం రాన్ వుల్ఫ్ బడి నుంచి. మధ్యలో జీఎంగా టెడ్ థాంప్సన్. ఆయన ప్రెస్‌మీట్లు గుర్తున్నవాళ్లకి ఈయన వాగుడుకాయలా కనిపిస్తాడు. ఆ థాంప్సన్ 2005లో 24వ పిక్‌లో క్వార్టర్‌బ్యాక్ (పాస్‌లు విసిరి ఆట నడిపేవాడు) ఆరన్ రాడ్జర్స్‌ని పట్టాడు, ఆరేళ్లు తిరక్కుండా లీగ్ ఫైనల్ సూపర్ బౌల్ తెచ్చాడు. మాటలు తక్కువైనందుకు మనకు ఏనాడూ నష్టం జరగలేదు.

కొత్తగా_చూస్తున్నా
ఒక సందేహం, నవ్వకండి. నేను హైదరాబాద్ నుంచి రెండు సీజన్లుగా చూస్తున్నా. ఐపీఎల్ వేలంలో దాపరికం ఎందుకో తెలుసు. సన్‌రైజర్స్‌కి కమిన్స్ కావాలని పక్కవాడికి తెలిస్తే ఊరికే బోర్డు ఎత్తి ధర పెంచుతాడు. అతని ధర 20.5 కోట్లకు చేరింది కదా. కానీ డ్రాఫ్ట్‌లో ధర లేదు కదా, వంతుల వారీగా పిలుస్తారు. మరి దాయడానికి ఏముంది?

బే_ఏరియా_బంగారం
మంచి ప్రశ్న. ఇక్కడ ధర అంటే డబ్బు కాదు, పిక్‌లు. నీకు కావల్సినవాడు 23 దాకా మిగులుతాడని నువ్వు కూర్చుంటావు. నీ మనసులో ఎవరున్నారో 24లో ఉన్నవాడికి తెలిస్తే వాడు 22తో బేరం కుదుర్చుకుని నీకంటే ఒక మెట్టు ముందుకొచ్చి ఎత్తుకుపోతాడు.

ఇందుకు అసలైన ఉదాహరణ 2017. కాన్సాస్ సిటీ 27వ పిక్‌లో ఉంది, టీమ్‌లో క్వార్టర్‌బ్యాక్‌గా అప్పటికే అలెక్స్ స్మిత్ ఉన్నాడు, కాబట్టి వాళ్లు క్వార్టర్‌బ్యాక్ కోసం చూస్తున్నారని ఎవరికీ గట్టి అనుమానం లేదు. 27, ఒక మూడో రౌండ్ పిక్, తర్వాతి ఏడాది మొదటి రౌండ్ పిక్ బఫలోకి ఇచ్చి 10కి ఎగబాకి, తర్వాత వాళ్లకి సూపర్ బౌల్‌లు తెచ్చిన క్వార్టర్‌బ్యాక్ పాట్రిక్ మహోమ్స్‌ని పట్టుకున్నారు. 11లో న్యూ ఆర్లీన్స్ కాచుకుని ఉంది. మహోమ్స్ మీద తమ కన్నుందని అక్కడి అప్పటి కోచ్ షాన్ పేటన్ తర్వాత తానే చెప్పాడు. ఒక్క పిక్ తేడా. కాన్సాస్‌లో ఎవరో నోరు జారి ఉంటే ఈ ఏడెనిమిదేళ్ల చరిత్రే వేరేగా ఉండేది.

(ఆ పని చేసిన జీఎం జాన్ డోర్సీని రెండు నెలలు తిరక్కుండానే పంపించేశారు. లోకరీతి.)

గాలినగరం_ఎలుగు
ఆ 2017 కథ సగమే చెప్పావ్ బంగారం. రెండో సగం మాది, గుండె రాయి చేసుకుని నేనే చెబుతా.

అదే డ్రాఫ్ట్. మా షికాగో బేర్స్ అప్పటి జీఎం రయన్ పేస్ 3వ పిక్‌లో ఉన్నాడు. మార్చిలోనే క్వార్టర్‌బ్యాక్ మైక్ గ్లెనన్‌కి మూడేళ్ల కాంట్రాక్ట్ ఇచ్చాడు, కాబట్టి క్వార్టర్‌బ్యాక్ జోలికి పోడని లోకమంతా నమ్మింది. రహస్యం ఎంత పకడ్బందీగా ఉందంటే కోచ్ జాన్ ఫాక్స్‌కే ఆఖరి గంటల్లో చెప్పారని వార్తలొచ్చాయి. గ్లెనన్ పాపం ఆ రాత్రి బేర్స్ పెట్టిన డ్రాఫ్ట్ పార్టీలోనే ఉన్నాడు. అప్పుడు పేస్ 3 నుంచి 2కి, అంటే ఒకే ఒక్క మెట్టు ఎక్కడానికి, శాన్ ఫ్రాన్సిస్కోకి రెండు మూడో రౌండ్ పిక్‌లు, ఒక నాలుగో రౌండ్ పిక్ అదనంగా ఇచ్చి క్వార్టర్‌బ్యాక్ మిచెల్ ట్రబిస్కీని తీసుకున్నాడు. మహోమ్స్ 10లో, ఇంకో క్వార్టర్‌బ్యాక్ డెషాన్ వాట్సన్ 12లో పోయారు.

ఇక్కడ నా పాయింట్ ట్రబిస్కీ బాగా ఆడలేదని కాదు. అలాంటి పొరపాటు ఎవరైనా చేస్తారు. మౌనానికి కూడా ఒక ఖరీదుందని ఎవరూ లెక్కేయరు. నువ్వు ఎవరితోనూ మాట్లాడకపోతే నీకూ ఎవరూ ఏమీ చెప్పరు. ఆ 2వ పిక్ కోసం నిజంగా ఇంకెవరైనా పోటీ పడుతున్నారా అని తెలుసుకునే దారి పేస్ తనకు తానే మూసేసుకున్నాడు. శాన్ ఫ్రాన్సిస్కో జీఎం జాన్ లించ్ తనకు కావల్సిన సాలమన్ థామస్‌నే 3లో తీసుకున్నాడు, పైన మూడు పిక్‌లు లాభం. పైన కొత్తగా వచ్చిన తమ్ముడు వేలం అన్నాడుగా, మావాడు తన నీడతో తానే వేలం పాడుకున్నాడు.

ఇంకోటి. గది తలుపులు వేసేశాక లోపల "ఎందుకు సార్?" అని అడిగే మనిషి కూడా మిగలడు. కోచ్‌కే చెప్పకపోతే "వీడు కాలేజీలో స్టార్ట్ చేసింది 13 మ్యాచ్‌లే కదా" అని అడ్డుపడేదెవరు?

చీజ్_పెసరట్టు
ఎలుగన్నా, అది పేస్ తప్పు, మౌనం తప్పు కాదు. డోర్సీ మౌనమే పాటించాడు, పేస్ మౌనమే పాటించాడు. ఒకడికి మహోమ్స్, ఇంకొకడికి ట్రబిస్కీ. తేడా కంటిచూపులో ఉంది.

గాలినగరం_ఎలుగు
డోర్సీ గదిలో కోచ్ ఆండీ రీడ్ ఉన్నాడు. అదీ తేడా. కోచ్, స్కౌట్లు, జీఎం ముగ్గురూ ఒకే మాట మీద ఉండి బయటికి నోరు కట్టుకోవడం వేరు. జీఎం సొంత కోచ్ దగ్గరే దాచడం వేరు. రెండింటికీ "మౌనం" అని ఒకే బోర్డు తగిలించకండి.

డాలస్_బావ
మీ లొల్లి చూస్తుంటే నవ్వొస్తుంది. మీ జీఎం మాట్లాడ్తలేడని మీరు ఏడుస్తున్రు, మావోడు ఒక్క దినమన్న నోరు మూస్కుంటే చాలని మేం దండం పెడ్తున్నం. 2022ల టైలర్ స్మిత్‌ని తీస్కున్న రాత్రి మా జెర్రీ సాబ్ ఏకంగ డ్రాఫ్ట్ బోర్డు కాయితమే రిపోర్టర్లకు చూపెట్టిండు, "గిదిగో మా లిస్టుల 16 నంబర్ల ఉన్నడు" అని. ఓనరూ ఆయనే, జీఎమ్మూ ఆయనే, గింక ఆపేటోడెవ్వడు? ఇప్పుడు మా ఆటగాడు మైకా పార్సన్స్ కాంట్రాక్ట్ ముచ్చట సుత మైకు దొరికిన కాడల్లా మాట్లాడ్తనే ఉన్నడు.

గుటెకున్స్ట్‌ని మాకిచ్చి జెర్రీని తీస్కోండ్రి. షేర్లు సుత కొంటడు.

చీజ్_పెసరట్టు
బావా, 2024 జనవరి గుర్తుందా? 48-32తో మేమే గెలిచాం. మీ స్టేడియంలోనే. ఆ ఆట ఆడిన మా క్వార్టర్‌బ్యాక్ జోర్డన్ లవ్‌ని కూడా ఎవరికీ చెప్పకుండానే తీసుకున్నారు.

డాలస్_బావ
అరె, దాన్ని మధ్యలకు తేకు భయ్.

లాంబో_మెట్లమీద
లవ్ పేరు వచ్చింది కాబట్టి అసలు సంగతి మాట్లాడదాం. 2020 ఏప్రిల్. అంతకు ముందు సీజన్‌లో 13 గెలిచి 3 ఓడాం, సూపర్ బౌల్‌కి ముందు మెట్టయిన కాన్ఫరెన్స్ ఫైనల్ దాకా వెళ్లాం. ఆ ఏడాది రిసీవర్లు కుప్పలుగా ఉన్నారు. గుటెకున్స్ట్ నాలుగో రౌండ్ పిక్ ఇచ్చి 30 నుంచి 26కి ఎక్కి లవ్‌ని తీసుకున్నాడు. ఏడు రౌండ్లలో ఒక్క రిసీవర్ లేడు. రాడ్జర్స్‌కి ముందుగా ఒక్క ఫోన్ లేదు. ఆ విషయంలో ఇంకాస్త బాగా మాట్లాడి ఉండాల్సిందని తర్వాత ఆయనే ఒప్పుకున్నాడు కూడా.

పిక్ మంచిదే, ఒప్పుకుంటా. కానీ 2021 వేసవంతా రాడ్జర్స్ క్యాంపుకి వస్తాడా రాడా అని మనం గోళ్లు కొరుక్కున్నాం. వచ్చాక అతను ప్రెస్ ముందు కూర్చుని చదివిన చిట్టాలో ముఖ్యమైన ఫిర్యాదు ఏంటి? తనతో ఎవరూ మాట్లాడట్లేదని, తన మాటకు విలువ లేదని.

చీజ్_పెసరట్టు
ఆ కోపంతోనే 2020లో, 2021లో వరసగా రెండు ఎంవీపీలు (లీగ్ ఉత్తమ ఆటగాడి అవార్డులు) కొట్టాడు. అలాంటి నష్టం ఏటా రావాలి.

సరదా పక్కన పెడితే, ముందు చెప్పడం ఎలా కుదురుతుంది? క్వార్టర్‌బ్యాక్‌కి చెబితే ఏజెంట్‌కి తెలుస్తుంది. ఆ ఏజెంట్‌కి ఇంకో పది టీమ్‌లలో ఆటగాళ్లుంటారు. గంటలో ఊరంతా పాకుతుంది. 26కి ఎక్కే బేరం అక్కడే చచ్చిపోతుంది.

అట్లాంటా_గద్ద
పెసరట్టు గారూ, పోయినేడు మా ఇంట్లో జరిగింది చూడండి. మార్చిలో క్వార్టర్‌బ్యాక్ కర్క్ కజిన్స్‌కి నాలుగేళ్లకు 18 కోట్ల డాలర్లు, అందులో 10 కోట్లు గ్యారంటీ. ఏప్రిల్‌లో 8వ పిక్‌తో ఇంకో క్వార్టర్‌బ్యాక్ మైకేల్ పెనిక్స్. మా వంతు గడియారం తిరుగుతుండగా కజిన్స్‌కి ఫోన్ చేశారు. అంటే మీరన్నట్టు లీక్ కాకుండా, ఆఖరి నిమిషంలో చెప్పారు. ఏం ఒరిగింది? తమకిది ఊహించని దెబ్బ అని అతని ఏజెంటే మీడియాకి చెప్పాడు. డిసెంబర్‌కల్లా కజిన్స్ బెంచీ మీద. ఇప్పుడు అతను బయటికి పోదామని చూస్తున్నాడు, అంత జీతం మోయడానికి ముందుకొచ్చే టీమ్ లేదు.

పెనిక్స్ బాగా ఆడొచ్చు, నాకు నమ్మకముంది. కానీ ఏప్రిల్‌లో వాళ్లు దాచిన ముక్క మార్చిలో తెలిసుంటే కజిన్స్ సంతకమే పెట్టేవాడు కాదేమో. ప్రత్యర్థుల నుంచి దాచడం వ్యూహం. నువ్వు చెక్కు రాసిచ్చినవాడి దగ్గర దాచడాన్ని ఏమనాలి?

ఇందులో వింత ఏంటంటే, ఆ మార్చిలో నిబంధనలు ఒప్పుకునే సమయానికి ముందే ఆటగాళ్లతో మాట్లాడారని లీగ్ మాకు రెండున్నర లక్షల డాలర్ల జరిమానా వేసింది, మా జీఎం ఫాంటెనోకి విడిగా 50 వేలు. ఈ ఏడాది ఐదో రౌండ్ పిక్ కూడా పోయింది. నోరు మూసుకోవాల్సిన మార్చిలో మాట్లాడి, మాట్లాడాల్సిన ఏప్రిల్‌లో మూసుకున్నాడు మహానుభావుడు.

గాలినగరం_ఎలుగు
గద్ద గారూ, మా రయన్ పేస్ 2022 నుంచి మీ ఆఫీసులోనే ఉన్నాడు. ఊరికే గుర్తు చేస్తున్నా.

అట్లాంటా_గద్ద
తెలుసండీ. పుండు మీద కారం చల్లకండి.

బే_ఏరియా_బంగారం
మౌనంలో ఇంకో రకం ఉంది, అది మా శాన్ ఫ్రాన్సిస్కో టీమ్ చేసింది. 2021 మార్చిలో మూడు మొదటి రౌండ్ పిక్‌లు, పైన ఒక మూడో రౌండ్ పిక్ ఇచ్చి 3కి ఎక్కారు. క్వార్టర్‌బ్యాక్ కోసమే అని చిన్నపిల్లలకీ తెలుసు. ఆ తర్వాత నెల రోజులు ఎవరో చెప్పకుండా నాటకం. అప్పటి మా క్వార్టర్‌బ్యాక్ జిమ్మీ గరోపలో టీమ్‌లో ఉంటాడా అని అడిగితే, ఆదివారానికి లోకంలో ఎవరు బతికుంటారో కూడా హామీ ఇవ్వలేనన్నాడు కోచ్ షానహన్! ముందున్న రెండు పిక్‌లు లారెన్స్, విల్సన్ అని ఖాయమైపోయాయి. 3 మా చేతిలోనే ఉంది, దొంగిలించేవాడు లేడు. మరి ఎవరి నుంచి దాచినట్టు? అలా తీసుకున్న ట్రే లాన్స్ మాకు మొదటి నుంచి ఆడింది నాలుగు మ్యాచ్‌లు. చివరికి నాలుగో రౌండ్ పిక్‌కి డాలస్‌కి పంపాం.

డాలస్_బావ
నన్ను మల్ల ఎందుకు గుంజుతున్రు.

లాంబో_మెట్లమీద
బంగారం సరిగ్గా నేననుకున్న చోటికే తెచ్చాడు. పెసరట్టూ, 23లో ఎవరో చెప్పమని నేను అడగట్లేదు. అది దాచాల్సిందే. కానీ జైర్ అలెగ్జాండర్ సంగతిలో దాచడానికి ఏం మిగిలింది? 2018లో ఇదే గుటెకున్స్ట్ 27 నుంచి 18కి ఎక్కి మరీ తెచ్చుకున్నాడు. 2022లో నాలుగేళ్లకు 8.4 కోట్ల డాలర్లు ఇచ్చాడు. గత రెండు సీజన్లలో అతను ఆడింది ఏడేసి మ్యాచ్‌లు. మనం వదిలించుకోవాలని చూస్తున్నామని 31 టీమ్‌లకూ తెలుసు. "చూస్తున్నాం" అన్నంత మాత్రాన ధర పెరగదు, ఎలాగూ తీసేస్తారని అందరూ చేతులు కట్టుకుని కూర్చుంటారు. తెలియనిది అతనొక్కడికే, ఇల్లు ఖాళీ చెయ్యాలో వద్దో.

వేరే టీమ్‌లలో అయితే ఓనర్ పిలిచి "ఏంటయ్యా ఇది" అని అడుగుతాడు. మనకి ఓనర్ లేడు. జీఎం జవాబు చెప్పాల్సింది క్లబ్ ప్రెసిడెంట్ మార్క్ మర్ఫీకి, ఆయన జులైలో రిటైర్ అవుతున్నాడు. అందుకే అభిమానులే అడగాలంటున్నా.

చీజ్_పెసరట్టు
జైర్ విషయంలో సగం ఒప్పుకుంటా. సగమే. రెండో రౌండ్ మధ్యలో తనకు కావల్సిన కార్నర్ దొరక్కపోతే ఏ టీమో ఫోన్ చేస్తుంది. ఆ ఒక్క ఫోన్ కోసమే ఎదురుచూస్తున్నాడేమో. తీసేస్తానని ఇవాళే చెప్పేస్తే ఆ ఫోన్ కూడా రాదు. నాలుగు రోజులు ఆగడానికి మనకేం పోయింది?

లాంబో_మెట్లమీద
మనకేం పోదు. పోయేది అతనికి. శనివారం డ్రాఫ్ట్ ముగిశాక తీసేస్తే అప్పటికి అన్ని టీమ్‌లూ కార్నర్లని నింపేసుకుని ఉంటాయి.

కొత్తగా_చూస్తున్నా
ఇదంతా చదివాక నాకు జైర్ మీద జాలేస్తోంది. ఇంతకీ మొదటి రౌండ్ మనకి ఎన్నింటికి?

చీజ్_పెసరట్టు
శుక్రవారం తెల్లవారుజామున 5:30కి మొదలు తమ్ముడూ. మా 23 వచ్చేసరికి మీకు ఎనిమిది దాటుతుంది, టిఫిన్ చేసి కూర్చో. రిసీవర్ అయితే మెట్లమీద అన్న ఇక్కడ పార్టీ ఇస్తాడు. కాకపోతే ఈ చర్చ ఇంకో ఇరవై పేజీలు.