నలుగురిలో గొంతు పెగలని విద్యార్థికి విశ్వవిద్యాలయంలో మొదటి ఏడాది: మీ అనుభవాలు చెప్పండి

నౌపడా విద్యార్థి
అందరికీ నమస్కారం. మాది నౌపడా స్టేషనుకు దగ్గరలోని పల్లె. పదో తరగతి వరకు తెలుగు మాధ్యమంలో చదివి, శ్రీకాకుళంలో ఇంటర్ పూర్తిచేసి, ఈ ఏడాది విజయనగరంలో ఇంజనీరింగులో చేరాను. పాఠాలు అర్థమవుతున్నాయి. కానీ తరగతిలో ప్రశ్న నా వరుస దాకా వస్తే చాలు, తెలిసిన సమాధానం కూడా నోట రాదు. మెస్సులో ఎవరి పక్కన కూర్చోవాలో తోచక, జనం పలచబడ్డాకే భోజనానికి వెళ్తున్నాను. శనివారం తరగతులు ముగియగానే పలాస పాసింజరు ఎక్కి ఇంటికి చేరుకుంటున్నాను. అందరూ ఇప్పటికే జట్లుగా కలిసిపోయారు, నాకు మాత్రం పేరు పెట్టి పిలిచే స్నేహితుడు ఒక్కడూ లేడు. ఈ దశ దాటినవారు ఉంటే ఎలా దాటారో చెప్పగలరా?

పాలకొండ అమ్మాయి
తమ్ముడూ, నేను శ్రీకాకుళంలో డిగ్రీ చదివి, తరువాత ఎచ్చెర్లలోని అంబేద్కర్ విశ్వవిద్యాలయంలో పీజీ చేశాను. పరిచయం లేనివారితో ఊరికే కబుర్లు చెప్పడం నాకు ఇప్పటికీ చేతకాదు. అయితే చేతిలో పని ఉన్నప్పుడు మాట దానంతట అదే వస్తుందని డిగ్రీలో జాతీయ సేవా పథకంలో చేరాక తెలిసింది. అందులో ఏడాదికి 120 గంటల సేవ ఉంటుంది, దత్తత గ్రామంలో 7 రోజుల ప్రత్యేక శిబిరం కూడా ఉంటుంది. మొక్కలకు గోతులు తవ్వేటప్పుడు, ఇంటింటికీ తిరిగి వివరాలు రాసుకునేటప్పుడు, యాభై మందికి వంట చేసేటప్పుడు "ఆ గంప ఇలా ఇవ్వండి", "ఈ వీధి మీరు చూడండి" అన్న మాటలతోనే పరిచయాలు మొదలవుతాయి. నన్ను నేను పరిచయం చేసుకోవలసిన అవసరమే రాలేదు. శిబిరంలో నాతో కూరగాయలు తరిగిన అమ్మాయే పీజీలో నా గది సహచరి అయింది. ఉపన్యాస పోటీలకు పేరు ఇమ్మని నేను మీకు చెప్పను. ముందు పని ఉన్న చోటికి వెళ్ళండి.

భౌతికశాస్త్రం మేడం, విజయనగరం
బాబూ, మొదటి సంవత్సరం తరగతులు చెప్పే అధ్యాపకురాలిగా రాస్తున్నాను. మీ మౌనానికి కారణం బిడియమా, ఇంగ్లీషు భయమా అన్నది ముందుగా తేల్చుకోండి. మన జిల్లాల నుంచి వచ్చే పిల్లల్లో ఈ రెండూ కలిసిపోయి కనిపిస్తాయి గాని, వాటికి మందులు వేరు. తెలుగులో అడిగితే చెప్పగలిగినవారికి కావలసింది భాషాభ్యాసం. అలాంటివారు వైవా (ల్యాబ్‌లో జరిగే మౌఖిక పరీక్ష) ప్రశ్నలకు సమాధానాలు గదిలో పైకి చదువుకుంటే కొన్ని వారాల్లోనే మార్పు కనిపిస్తుంది. తెలుగులో కూడా గొంతు పెగలనివారు తరగతి మధ్యలో చేయి ఎత్తవలసిన పని లేదు. సందేహాన్ని కాగితం మీద రాసుకుని, గంట కొట్టాక అధ్యాపకుల దగ్గరికి వెళ్ళి చూపించవచ్చు. ల్యాబ్ రికార్డు మీద సంతకం కోసం ఎలాగూ మా దగ్గరికి రావాలి కదా, అప్పుడు ఒక్క ప్రశ్న అడగండి. నోరు విప్పని విద్యార్థికి ఆసక్తి లేదని అనుకునే అధ్యాపకులు ఉన్నారు. అది అన్యాయమని నా అభిప్రాయం, కానీ ఆ అపోహ తొలగడానికి ఆ ఒక్క ప్రశ్న చాలు.

కోట దగ్గర అబ్బాయి
నేను ఇదే ఊరివాణ్ణి, మూడో సంవత్సరం చదువుతున్నాను. ఇంటికి వెళ్ళడం మానేయమని చెప్పను గాని, ప్రతి వారం వెళ్తే ఈ ఊరు మీకు ఎప్పటికీ పరాయి ఊరుగానే ఉండిపోతుంది. హాస్టల్లో జట్లు కుదిరేది ఎక్కువగా ఆదివారాల్లోనే. వారం విడిచి వారం ఉండి చూడండి. ల్యాబ్‌లో మీ బ్యాచ్‌లో ఉన్న ఒక్కరిని తోడు తీసుకుని కోట వైపు, గురజాడ అప్పారావు గారు నివసించిన ఇంటి వైపు నడవండి. ఎదురుగా చూడడానికి ఏదో ఒకటి ఉన్నప్పుడు మాటల మధ్య మౌనం ఇబ్బంది పెట్టదు. దసరా తరువాత మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి ఇక్కడి ప్రతి ఇల్లూ చుట్టాలతో నిండిపోతుంది. ఆ రోజు ఊళ్ళో ఉండే సహాధ్యాయి ఎవరైనా భోజనానికి పిలిస్తే మొహమాటపడి మానకండి.

రాజాం తల్లి
నా కూతురు కూడా మితభాషి. చేరిన కొత్తలో రోజూ ఫోను చేసి "స్నేహితులు అయ్యారా?" అని అడిగేదాన్ని. అలా అడిగినప్పుడల్లా తనలో ఏదో లోపం ఉన్నట్టు అనిపిస్తోందని ఒక రోజు తనే చెప్పింది. ఇప్పుడు ఏం తిన్నావు, ఏ పాఠం జరిగింది అనే అడుగుతున్నాను, మిగతాది తనే చెబుతోంది. ఇది చదివే తల్లిదండ్రులు దయచేసి ఆలోచించండి.

నౌపడా విద్యార్థి
అందరికీ ధన్యవాదాలు. జాతీయ సేవా పథకంలో పేరు ఇస్తాను. ఇంకొక విషయం అడగాలి. హాస్టల్లో కొందరు సీనియర్లు రాత్రిపూట గదికి వచ్చి, అందరి ముందు పాట పాడమంటున్నారు, నా యాసను అనుకరించి నవ్వుతున్నారు. మిగతావాళ్ళు తేలిగ్గా తీసుకుంటున్నారు. బిడియం వల్ల నాకే ఇది పెద్దదిగా అనిపిస్తోందా?

భౌతికశాస్త్రం మేడం, విజయనగరం
కాదు బాబూ, ఇది ర్యాగింగే. విద్యార్థి మామూలుగా చేయని పనిని చేయించి, అతనికి సిగ్గు, వేదన, ఇబ్బంది కలిగించడం కూడా ర్యాగింగేనని యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2009 నిబంధనలు చెబుతున్నాయి. మన రాష్ట్రంలో 1997 నుంచే దీనిపై ప్రత్యేక చట్టం ఉంది. పక్కవాడు నవ్వి ఊరుకున్నాడు కాబట్టి మీరూ ఊరుకోవాలని ఆ నిబంధనలు ఎక్కడా చెప్పవు. వార్డెన్ గారికి నోటితో చెప్పలేకపోతే తేదీ, సమయం వేసి ఉత్తరం రాసి ఇవ్వండి. అక్కడ పని జరగకపోతే 1800-180-5522 యూజీసీ ర్యాగింగ్ నిరోధక హెల్ప్‌లైన్, ఏ వేళలోనైనా పలుకుతుంది. నిద్ర పట్టకపోవడం, తిండి సహించకపోవడం, తరగతికి వెళ్ళబుద్ధి కాకపోవడం వారాల తరబడి ఉంటే మాత్రం దాన్ని బిడియం అనుకుని వదిలేయకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ ఫోను సేవ అయిన టెలి మానస్ 14416కు ఫోను చేసి మాట్లాడండి, అది ఉచితం.

పాలకొండ అమ్మాయి
తమ్ముడూ, ఉత్తరం ముసాయిదా ఇక్కడ పెట్టండి, పేర్లు తీసేసి. అందరం కలిసి సరిచూస్తాం. వార్డెన్ గారికి ఇచ్చేటప్పుడు ఒక నకలు మీ దగ్గర ఉంచుకోండి, అందినట్టు సంతకం తీసుకోండి.