తైవాన్‌లో కొత్త ఉద్యోగం: ప్రొబేషన్ అయ్యాకే లావ్‌బావ్ అంటున్నారు, సరేనా?

షిన్చుకి కొత్తగా వస్తున్న సభ్యుడు: అందరికీ నమస్కారం. వచ్చే నెల ఇక్కడ ఒక చిన్న డిజైన్ కంపెనీలో చేరుతున్నాను. లావ్‌బావ్, అంటే లేబర్ ఇన్సూరెన్స్, మూడు నెలల ప్రొబేషన్ అయ్యాక చూద్దాం అంటోంది హెచ్‌ఆర్. జీతం 60,000 తైవాన్ డాలర్లు. నా వాటా ఎంత పోతుంది?

తైపే నుంచి: ఒప్పుకోవద్దు తమ్ముడూ. ప్రొబేషన్‌కీ లావ్‌బావ్‌కీ సంబంధం లేదు. చేరిన రోజే కంపెనీ లేబర్ ఇన్సూరెన్స్ బ్యూరోకి నీ పేరు పంపాలి. ఆ రోజే పంపితే కవరేజీ ఆ రోజు నుంచే. ఆలస్యంగా పంపితే, పంపిన మర్నాటి నుంచి మాత్రమే, వెనక్కి జరపరు. 'నాకు వద్దు' అని నువ్వు సంతకం పెట్టినా అది చెల్లదు.

ముందు ఒకటి చెప్పు, కంపెనీలో ఎంతమంది?

కొత్త సభ్యుడు: నాతో కలిపి ఎనిమిది మందిమి అన్నా.

తైపే నుంచి: అయితే తప్పనిసరే. ఐదుగురు, అంతకు మించి ఉంటే లావ్‌బావ్‌లోని సాధారణ బీమాని కంపెనీ కట్టాల్సిందే. నలుగురు, అంతకంటే తక్కువైతే అది ఐచ్ఛికం. కానీ పనిలో ప్రమాదాల బీమా 2022 మే 1 నుంచి వేరే చట్టం కిందికి వచ్చింది. రిజిస్టరైన కంపెనీలో ఒక్కరే పనిచేస్తున్నా అది ఉండాలి, దాని ప్రీమియం మొత్తం యజమానిదే.

ఇక లెక్క. సాధారణ బీమా రేటు 2025 నుంచి 11.5 శాతం. నీ జీతం 60,000 అయినా లెక్కకి తీసుకునేది గరిష్ఠ శ్లాబు 45,800. ప్రీమియం సుమారు 5,267. అందులో కంపెనీ 70 శాతం, నువ్వు 20, ప్రభుత్వం 10. అంటే నీ జీతంలో కోత నెలకి 1,053 దాకా. పే స్లిప్‌లో ఇంతకంటే చాలా ఎక్కువ కనిపిస్తే కంపెనీ తన వాటా కూడా నీ మీద వేస్తోందేమో అడుగు. అలా వేస్తే రెండింతల జరిమానా, డబ్బు నీకు తిరిగివ్వాలి. జ్యెన్‌బావ్, అంటే ఆరోగ్య బీమా కోత, వేరే లైనులో ఉంటుంది. రెండూ కలిపి చూసి కంగారు పడకు.

తాయ్‌చుంగ్ నుంచి: పే స్లిప్‌లో కోత ఉంటే బీమా ఉన్నట్టే అనుకోకండి. కోసి, బ్యూరోకి పంపని కంపెనీలూ ఉంటాయి. పంపినా తక్కువ శ్లాబు చూపించేవీ ఉంటాయి. ఏఆర్‌సీ (విదేశీయుల నివాస కార్డు) పట్టుకుని దగ్గర్లోని బ్యూరో కార్యాలయానికి వెళ్లి మీ రికార్డు ప్రింటు తీయించుకోండి. చేరిన తేదీ, శ్లాబు రెండూ చూడండి. భోజన భత్యం, ఓవర్‌టైమ్ జీతంలో లెక్కే, సంవత్సరాంతపు బోనస్ కాదు. ప్రమాద బీమాకి గరిష్ఠ శ్లాబు 72,800. కనుక 45,800 దాటినవాళ్లకి కూడా సరిగ్గా చూపించడం ముఖ్యం: పనిలో గాయపడితే నాలుగో రోజు నుంచి వచ్చే పరిహారం ఆ శ్లాబు మీదే లెక్కిస్తారు.

ఇంకొకటి, పేరు. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఎక్కడుందో అలాగే ఏఆర్‌సీలో, వర్క్ పర్మిట్‌లో, బీమా ఫారంలో ఉండాలి. ఏఆర్‌సీ రాకముందే పాస్‌పోర్టు నంబరుతో చేర్చి ఉంటే, కార్డు వచ్చాక నంబరు మార్పించమని హెచ్‌ఆర్‌ని అడగండి.

కావ్‌శ్యుంగ్ నుంచి: మనవాళ్లకి ఎక్కువగా తెలియని సంగతి: ఇండియాలో ఉన్న అమ్మానాన్నలు గానీ, భార్య లేదా భర్త గానీ పోతే, సగటు బీమా జీతానికి మూడు నెలల మొత్తం బీమా నుంచి వస్తుంది. గడువు ఐదేళ్లు. మరణ ధ్రువపత్రం, బంధుత్వ రుజువు, చైనీస్ అనువాదం కావాలి. ఇండియాలోని తైవాన్ ప్రతినిధి కార్యాలయం ధ్రువీకరణ కూడా కావాలి. ఒక పత్రంలో నాన్నగారి పేరు ఇనిషియల్‌తో, మీ పాస్‌పోర్టులో పూర్తి ఇంటిపేరుతో ఉంటే అక్కడే ఆగుతుంది. ఇప్పుడే సరిచూసుకోండి.

కొత్త సభ్యుడు: హెచ్‌ఆర్ కాదంటే?

తైపే నుంచి: ముందు ఈమెయిల్‌లో అడుగు, రాతలో ఉండాలి. వినకపోతే బ్యూరోకే ఫిర్యాదు చేయి. చేర్చని కాలానికి కంపెనీకి ప్రీమియానికి నాలుగింతల జరిమానా, ఆ మధ్య నీకు నష్టం జరిగితే పరిహారం కూడా కంపెనీ మీదే. 1955కి ఫోన్ చేస్తే ఇంగ్లీషులో మాట్లాడతారు. ఆఫర్ లెటర్, వర్క్ పర్మిట్, చేరిన రోజు హాజరు రికార్డు కాపీలు నీ దగ్గర పెట్టుకో.