రెండు ఇళ్లకు ఒకే జిగ్‌బీ నెట్‌వర్కా, వేర్వేరా?

మామిడితోట:
ముందువైపు డాబా ఇంట్లో హోమ్ అసిస్టెంట్ (ఇంటి స్మార్ట్ పరికరాలను నడిపే సాఫ్ట్‌వేర్), జిగ్‌బీ కోఆర్డినేటర్ (సెన్సర్లు, దీపాల వంటివాటిని కలిపే జిగ్‌బీ వైర్‌లెస్ నెట్‌వర్కుకు కేంద్ర పరికరం) నడుస్తున్నాయి. వెనక 45 మీటర్ల దూరంలో అమ్మానాన్నలు ఉండే పెంకుటిల్లు. మధ్యలో మామిడి చెట్లు, మోటారున్న రేకుల షెడ్డు. పెంకుటింట్లో తలుపు సెన్సర్లు, దీపాలు, ఆవరణలో నీటి ట్యాంకుకు ఒక సెన్సరు పెట్టాలి. షెడ్డులో స్మార్ట్ ప్లగ్గు పెట్టి ఉన్న నెట్‌వర్కునే పొడిగించమని అన్నయ్య అంటున్నాడు. అక్కడ వేరే కోఆర్డినేటర్ పెట్టాలని నా ఆలోచన. మీరేమంటారు?

పాదరసం:
మీ అన్నయ్య మాటే సరైనది. కరెంటుతో నడిచే జిగ్‌బీ పరికరాలు చాలావరకు సందేశాలను ముందుకు అందిస్తాయి, మెష్ అంటే అదే కదా. వైఫై 1వ చానల్లో ఉంటే జిగ్‌బీని 25కు మార్చండి, రెండూ ఒకదానికొకటి అడ్డు రావు. ఒక ప్లగ్గుతో పోయేదానికి ఇళ్ల మధ్య కేబుల్ కోసం గొయ్యి తవ్వించడం ఎందుకు?

గట్టుమీద:
పాదరసం గారూ, ఇక్కడ చిక్కు దూరంతో కాదు. ఒక ఇల్లంతా ఒక్క ప్లగ్గు మీద ఆధారపడటంతో. మోటారు లైను సాధారణంగా ఇన్వర్టర్ మీద ఉండదు. కరెంటు పోతే రెండు ఇళ్లలోనూ దీపాలు వెలుగుతుంటాయి, షెడ్డులో ప్లగ్గు మాత్రం ఆరిపోతుంది. దానితో పెంకుటింటి సెన్సర్లన్నీ తెగిపోతాయి. కరెంటు తిరిగి వచ్చాక కూడా కొన్ని బ్యాటరీ సెన్సర్లు తమంతట తాము కలవవు, వెళ్లి బటన్ నొక్కాలి. పెద్దవాళ్లున్న ఇంటి తలుపు సెన్సరు చీకట్లోనే పనిచేయకపోతే పెట్టి లాభమేమిటి? పైగా తడిసిన ఆకులు 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలను పీల్చేస్తాయి. మే నెలలో బాగా అందిన సిగ్నల్ జూలై వానల్లో తడబడుతుంది. ఇక షెడ్డు రేకులైతే ఆ తరంగాలను అడ్డుకునేవే.

పెంకుటింట్లో ఒక రాస్‌బెర్రీ పై (చిన్న కంప్యూటర్), దానికి సొంత కోఆర్డినేటర్, వేరే చానల్, వేరే నెట్‌వర్క్ ఐడీ పెట్టండి. జిగ్‌బీ సందేశాలను ఎమ్‌క్యూటీటీ అనే తేలికపాటి సందేశాల పద్ధతిలోకి మార్చే జిగ్‌బీ2ఎమ్‌క్యూటీటీ ప్రోగ్రామ్ రెండోది అక్కడే నడుస్తుంది. ఇళ్ల మధ్య ప్రయాణించేవి చిన్న ఎమ్‌క్యూటీటీ సందేశాలే. లంకె కాసేపు తెగినా ఆ ఇంటి జిగ్‌బీ నెట్‌వర్కు చెదరదు. అంతేకానీ కోఆర్డినేటర్ ఒక్కటే అక్కడ పెట్టి డాబా నుంచి వైఫై మీద నడిపించకండి. కోఆర్డినేటరుకూ దాన్ని నడిపే ప్రోగ్రాముకూ మధ్య సాగే సీరియల్ సంభాషణ అంతరాయాన్ని ఓర్చుకోదు.

ఇళ్ల మధ్య రాగి తీగల ఈథర్నెట్ కేబుల్ వద్దు. 100 మీటర్ల వరకు పనిచేస్తుంది, నిజమే. కానీ రెండు ఇళ్ల ఎర్తింగులు వేరు. దగ్గర్లో పిడుగు పడితే రెండు ఎర్తుల మధ్య పుట్టే వోల్టేజీ ఆ తీగ వెంటే పోయి రెండువైపులా స్విచ్చులను కాల్చేస్తుంది. లోహపు తీగ లేని ఫైబర్ తీసుకుని రెండు చివరలా మీడియా కన్వర్టర్లు (ఫైబరులోని వెలుగు సంకేతాలను ఈథర్నెట్‌గా మార్చేవి) పెట్టించండి.

డాబామీద:
డాబా పైనుంచి పెంకుటిల్లు సూటిగా కనిపిస్తుంటే 5 గిగాహెర్ట్జ్ వైర్‌లెస్ బ్రిడ్జి జత (ఎదురెదురుగా పెట్టే రెండు రేడియో పరికరాలు) చాలు, తవ్వకం ఉండదు. కొమ్మలు అడ్డుంటే దీన్ని మరిచిపోండి.

పాదరసం:
షెడ్డుకు ఇన్వర్టర్ లైను లాగితే కరెంటు సమస్య తీరిపోతుంది. వేరు చేస్తే మీరు పోగొట్టుకునేది ఇంకొకటుంది. డాబాలోని స్విచ్చును వెనకింటి దీపానికి నేరుగా బైండ్ (జత) చేయలేరు. ప్రతిదీ హోమ్ అసిస్టెంట్ మీదుగా పోవాలి.

గట్టుమీద:
బైండింగ్ మాట వాస్తవం. అయితే ఆ ఇంటి దీపాలను వెలిగించేది ఆ ఇంటివాళ్లే. అక్కడి స్విచ్చును అక్కడి దీపానికి బైండ్ చేస్తే హోమ్ అసిస్టెంట్ ఆగిపోయినా దీపం వెలుగుతుంది. ఇక ఇన్వర్టర్ లైను కోసం ఎలాగూ గొయ్యి తవ్వేటప్పుడు ఆ గొయ్యినే పెంకుటింటి దాకా పొడిగించి ఫైబరుకు ఇంకో పైపు వేయించండి.

మామిడితోట:
షెడ్డు లైను ఇన్వర్టర్ మీద లేదు, ఇప్పుడే చూశాను. డాబా నుంచి చూస్తే కొమ్మలే అడ్డు. ఫైబరే వేయిస్తాను. ట్యాంకు రెండు ఇళ్లకూ మధ్యలో ఉంది. దాని సెన్సరును ఎటు చేర్చాలి?

గట్టుమీద:
మోటారును ఆపే స్విచ్చు ఏ నెట్‌వర్కులో ఉంటే అందులోనే. ట్యాంకు నిండిందన్న కబురు లంకె దాటి రావలసిన అవసరం ఉండకూడదు.