గేముల్లో కాపీ రక్షణ: డబ్బు పెట్టి కొన్నవాళ్లకే ఈ తిప్పలు ఎందుకు?

బీచ్‌రోడ్:
పీసీ గేములకు డీఆర్ఎం, అంటే కాపీ కాకుండా వేసే తాళం, ఉండాలా వద్దా? నేనైతే వద్దంటాను. 2008లో వచ్చిన స్పోర్ గేము సంగతే చూడండి. దాన్ని అమ్మిన ఈఏ కంపెనీ వాళ్లు సెక్యూరామ్ అనే తాళం పెట్టి, ఒక్కో కాపీని మూడు కంప్యూటర్లలోనే యాక్టివేట్ చేసుకోనిచ్చారు. అమెజాన్‌లో ఒక్క స్టార్ రివ్యూలు వెల్లువెత్తాకే పరిమితి ఐదుకు పెరిగింది, కోర్టులో దావా కూడా పడింది. దొంగ కాపీ మాత్రం అమెరికాలో విడుదల కాకముందే నెట్‌లో దొరికింది. ఊరికే దించుకున్నవాడికి ఏ పరిమితీ లేదు. పూర్తి ధర కట్టినవాడు మాత్రం కంప్యూటర్ మార్చిన ప్రతిసారీ లెక్క చూసుకోవాలి.

బిల్డ్‌బాక్స్:
గేములు తయారుచేసే పనిలో ఉన్నాను కాబట్టి రెండో వైపు చెప్తాను. స్పోర్ నాటి తాళాలు వేరు, ఇప్పటి తాళం డెనువో వేరు. స్టీమ్ అనే ఆన్‌లైన్ గేముల దుకాణంలో డెనువోతో వచ్చిన గేముల మీద 2024లో ఎంటర్‌టైన్‌మెంట్ కంప్యూటింగ్ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. విడుదలైన మొదటి వారంలోనే తాళం పగిలితే ఆదాయం సగటున 20 శాతం దాకా పడిపోతుందని అందులో తేలింది. ఐదేళ్లు పనిచేసిన టీమ్‌కి ఆ 20 శాతమే తర్వాతి గేముకి జీతాలు. పైరసీతో ఎవరికీ నష్టం లేదనే మాట నేను ఒప్పుకోను.

పాతడిస్కు:
బిల్డ్‌బాక్స్ గారూ, అదే పరిశోధనలో ఇంకో మాట కూడా ఉంది. పన్నెండు వారాలు దాటాక తాళం పగిలితే నష్టం దాదాపు ఏమీ లేదు. మరి పదేళ్ల తర్వాత కూడా అది గేములోనే ఎందుకుండాలి? నా గొడవంతా ఇక్కడే.

2000 ప్రాంతంలో డిస్కు మీద వచ్చిన గేములు చాలావాటికి సేఫ్‌డిస్క్ అనే తాళం ఉండేది. అది విండోస్ లోపలి డ్రైవర్ మీద ఆధారపడేది. ఆ డ్రైవర్‌తో భద్రతకు ముప్పని 2015లో విండోస్ 10 దాన్ని వదిలేసింది, అదే ఏడాది అప్‌డేట్‌తో విండోస్ 7, 8లలో కూడా ఆపేశారు. ఆ నిర్ణయాన్ని నేను తప్పుపట్టను. కానీ తాళం వేసిన గేము కంపెనీలు దాన్ని తీసే ప్యాచ్, అంటే చిన్న అప్‌డేట్, ఇవ్వాలి కదా? చాలామంది ఇవ్వలేదు. డిస్కు మీద ఒక్క గీత లేదు, బిల్లు కూడా ఉంది, అయినా గేము తెరుచుకోదు. చివరికి ఒరిజినల్ కొన్నవాడు కూడా క్రాక్, అంటే తాళం పగలగొట్టే ఫైలు, వెతుక్కోవాల్సిందే, దాంతో ఏ వైరస్ వస్తుందో తెలియకపోయినా సరే.

బీచ్‌రోడ్:
ఎప్పుడూ నెట్ ఉండాలనే షరతు ఇంకా ఘోరం. 2010లో యుబిసాఫ్ట్ అసాసిన్స్ క్రీడ్ 2కి అది పెట్టింది. సర్వర్ల మీద దాడి జరగ్గానే ఒంటరిగా ఆడుకునేవాళ్ల ఆట కూడా ఆగిపోయింది. 2013లో సిమ్‌సిటీదీ అదే కథ. సర్వర్లు కూలి, జనం రోజుల తరబడి లోపలికే పోలేకపోయారు. ఆఫ్‌లైన్‌లో కుదరదన్న గేముకే ఏడాది తర్వాత ఆఫ్‌లైన్ మోడ్ వచ్చింది! కరెంటు పోతే రౌటరూ ఆగిపోయే మన ఊళ్లలో ల్యాప్‌టాప్‌లో చార్జింగ్ ఉన్నా లాభం లేదు. యుబిసాఫ్ట్ వాళ్ల ద క్రూ గేమైతే 2024 మార్చి 31న సర్వర్లు ఆపేయడంతో పూర్తిగా పోయింది.

సెక్షన్52:
మన చట్టం సంగతి చెప్తాను. కాపీరైట్ చట్టానికి 2012 సవరణలో సెక్షన్ 65ఎ చేరింది. హక్కుల ఉల్లంఘన ఉద్దేశంతో సాంకేతిక రక్షణను ఛేదిస్తే రెండేళ్ల దాకా జైలు, జరిమానా. ఆ ఉద్దేశం ఉండాలన్నదే ఇక్కడ కీలకం. సక్రమంగా కొన్న ప్రోగ్రామ్ పాడైపోకుండా బ్యాకప్ కాపీ తీసుకోవడానికి సెక్షన్ 52 వీలిస్తుంది. అలాగని క్రాక్ ఫైళ్లు పంచిపెట్టొచ్చని కాదు.

బిల్డ్‌బాక్స్:
పాతడిస్కు గారూ, పన్నెండు వారాల మాట నిజమే. మూడు నెలల తర్వాత తీసేయడానికి నాకు అభ్యంతరం లేదు. 2016లో వచ్చిన డూమ్‌లోంచి డెనువోని ఆ ఏడాదే తీసేశారు. కానీ ఫలానా తేదీన తీసేస్తామని ముందే ప్రకటించమంటే మాత్రం కుదరదు. క్రాకర్లు సరే, కొనాలనుకున్నవాళ్లు కూడా ఆ తేదీ దాకా ఆగిపోతారు.

పాతడిస్కు:
ఆగేవాళ్లు ఇప్పుడూ డిస్కౌంట్ సేల్ కోసం ఆగుతూనే ఉన్నారు, వాళ్లు కొత్తగా పుట్టుకురారు. తాళం వల్ల ఆట నత్తనడక నడుస్తుందనే భయంతో కొనడం మానేసినవాళ్ల సంగతేంటి? 2021లో రెసిడెంట్ ఈవిల్ విలేజ్ క్రాక్ కాపీ అసలుదానికంటే సాఫీగా నడిచింది. పరీక్షల్లో అది తేలాకే క్యాప్‌కామ్ ప్యాచ్ ఇచ్చింది. డబ్బిచ్చినవాడికి నాసిరకం సరుకు అందితే రెండోసారి మీ కౌంటర్ దగ్గరికి ఎందుకొస్తాడు?

తేదీ చెప్పలేకపోతే పోనీ, కనీసం ఇదైనా రాసివ్వండి: సర్వర్ మూసే రోజున తాళం తీసే ప్యాచ్ వస్తుందని. అది ఉంటే డెనువో ఉన్నా మొదటి రోజే కొంటాను. లేనంతకాలం తాళం లేని గేములు అమ్మే జీఓజీ సైట్‌లో కొని, ఇన్‌స్టాలర్ ఫైళ్లు హార్డ్‌డిస్కులో దాచుకుంటాను. విచర్ 3ని అక్కడ 2015లో మొదటి రోజు నుంచీ తాళం లేకుండానే అమ్మారు, ఆ కంపెనీ నిక్షేపంగా ఉంది.

బిల్డ్‌బాక్స్:
ఆ ప్యాచ్ షరతుకి నేనూ ఒప్పుకుంటాను. విడుదలకు ముందే తాళం లేని బిల్డ్, అంటే నడిచే గేము కాపీ, మా దగ్గర ఎలాగూ ఉంటుంది, దాన్ని భద్రంగా దాచిపెట్టడమే అసలు పని. మిగతా స్టూడియోల వాళ్లెవరైనా ఉంటే చెప్పండి, మీ దగ్గర ఆ బిల్డులు ఎన్నేళ్లు ఉంచుతున్నారు?